జొన్న పీకితే ఒక్క వేరుతో ఊడొస్తోంది, కింద పదును ఉన్నా వేర్లు ఎందుకు దిగడం లేదు?

మెట్టచేను_పత్తికొండ (అక్టోబర్ 19):

అందరికీ నమస్కారం. మాది పత్తికొండ దగ్గర పల్లె. మూడెకరాలు నల్లరేగడి, దాన్ని ఆనుకునే ఎకరన్నర ఎర్రనేల. రెండింట్లోనూ ఉత్తర కార్తె చివర్లో, సెప్టెంబర్ 24న, జొన్న వేసినాం. ముందురోజు మంచి వాన పడింది, పదును బాగుంది, కానీ పైమట్టి తొందరగా ఆరిపోతుందని మా నాయన విత్తే గొర్రును లోతుగా పట్టించినాడు, మూడంగుళాలు దిగి ఉంటుంది గింజ. మొలక బ్రహ్మాండంగా వచ్చింది, దోవన పోయేవాళ్లు ఆగి చూసిపోయినారు. దిష్టి తగిలిందో ఏమో, ఆ తర్వాత చుక్క లేదు. హస్త మొత్తం ఎండగొట్టింది, చిత్త కూడా సగమైపోయింది.

ఇప్పటికి 25 రోజుల పైరు, జానెడు మీద నాలుగు వేళ్లు ఉంది అంతే. మొన్న సాయంత్రం గాలి కాస్త గట్టిగా తోలితే సాలుకు సాలు ఒరిగింది. లేపి నిలబెడదామని పట్టుకుంటే మొక్క చేతికే వచ్చేసింది. కింద దారంలాంటి వేరు ఒక్కటే, అదీ తెగిపోయి. కాండం అడుగున మాత్రం చుట్టూ బియ్యపు గింజంత మొనలు పొడుచుకొచ్చి ఆగిపోయినాయి, కొసలు గోధుమరంగుకు తిరిగి గట్టిగా ఉన్నాయి.

అనుమానమొచ్చి గడ్డపారతో తవ్వినా. పైన నాలుగంగుళాలు పెళ్లలు పెళ్లలుగా రాయిలాగా ఉంది, జానెడు దిగేసరికి మట్టి చల్లగా ఉంది, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద అవుతోంది. అంటే కింద నీళ్లు ఉన్నాయి కదా? నీళ్లున్న చోటికి వేరు వెతుక్కుంటూ పోతుందంటారు కదా, మరి ఇది ఎందుకు పోవడం లేదు? ఎరువుల అంగడాయన వేర్లు పెరిగే మందని నల్లపొడి ఒకటి చూపించినాడు, ఎకరాకు ఎనిమిది వందలు. మా నాయనేమో పొడి లేదు గిడి లేదు, వాన పడితే అదే లేస్తుంది అంటాడు. పడకపోతే? రాత్రి నిద్ర పట్టడం లేదు, ఎవరైనా తెలిసినోళ్లు చెప్పండి.


గొర్రుసాలు:

వేరు పురుగు అయ్యుంటుంది తమ్ముడూ. మాకు ఆలూరు పక్కన వేరుశెనగలో ఇట్లాగే పీకితే వేరు లేకుండా వచ్చేది, తెల్లగా లావుగా చంద్రవంకలాగా చుట్టుకుని ఉంటుంది పురుగు. తవ్వి చూడు. ఉంటే గుళికలు వేయి, ఆలస్యం చేయొద్దు.


మెట్టచేను_పత్తికొండ:

చూసినా అన్నా. పది మొక్కలు చుట్టూ తవ్వినా, పురుగు లేదు, కొరికిన గుర్తు కూడా లేదు. మొవ్వు కూడా బాగానే ఉంది, లాగితే రావడం లేదు, కాబట్టి మొవ్వు ఈగ కూడా కాదనుకుంటున్నా. పది మొక్కల్లో పదికీ అదే కథ: ఒక్క వేరు, అడుగున మొనలు.


రేగడి_విద్యార్థి (నంద్యాల):

అన్నా, పురుగు కాదు. గుళికలూ వద్దు, ఆ నల్లపొడీ వద్దు. నేను వ్యవసాయ కోర్సు చదువుతున్నా, మాది కూడా మెట్ట సేద్యమే, కాబట్టి పుస్తకం సగం, చేను సగం కలిపి చెప్తా, కాస్త పొడుగవుతుంది ఓపిక పట్టు.

నువ్వు చెప్పిన ఆ బియ్యపు గింజంత మొనల్లోనే ఉంది సంగతంతా. జొన్నకు వేర్లు రెండు కాన్పులుగా వస్తాయి. మొదటిది విత్తనం నుంచి నేరుగా దిగే వేరు. గోధుమకైతే విత్తనం నుంచే నాలుగైదు వస్తాయి గానీ జొన్న, సజ్జ, కొర్రలకు ఒక్కటే. నీ చేతికి దారంలాగా వచ్చింది అదే. రెండో కాన్పు కణుపు వేర్లు. మొక్క మూడు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు మొదలై, కాండం అడుగు కణుపుల నుంచి చుట్టూ వరసలు వరసలుగా వస్తాయి. పైరుకు బువ్వ పెట్టేవీ, గాలికి పడిపోకుండా పట్టుకునేవీ ఇవే. విత్తనపు వేరు మొలకను బతికించడానికి, మొదటి రెండు మూడు వారాలు నెట్టుకురావడానికి. ఆపైన సంసారం కణుపు వేర్లదే. నీ చేలో ఆ రెండో కాన్పు గడప దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? మీ నాయన మూడంగుళాల లోతులో విత్తినాడన్నావు. మొలకెత్తడానికి అది సరైన పనే, పైన విత్తి ఉంటే సగం గింజలు లేచేవే కావు. కానీ గింజ ఎంత లోతులో పడినా, మొలక పైకి వచ్చేటప్పుడు గింజకూ మొదటి కణుపుకూ మధ్య తెల్లటి కాడ ఒకటి సాగుతుంది. అది సాగి సాగి, నేల పైపొరకు వచ్చి వెలుతురు జాడ తగలగానే ఆగుతుంది. అందుకే కణుపు ఎప్పుడూ నేల పైనుంచి సుమారు అంగుళం లోతులోనే కూర్చుంటుంది. రెండంగుళాలు వేసినా అంతే, మూడంగుళాలు వేసినా అంతే. నీ చేలో గింజ పదునులో పడింది, కణుపు ఎండుమట్టిలో పడింది. నమ్మకం లేకపోతే ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపి కడిగి చూడు, గింజ తొక్క కింద ఎక్కడో ఉంటుంది, మొనలు దానికి రెండంగుళాల పైన ఉంటాయి.

ఇక నీళ్లున్న చోటికి వేరు వెతుక్కుంటూ పోతుందనేది సగం నిజం. తడిమట్టిలో ఉన్న వేరు, ఒక పక్క తడి ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉంటే తడి ఎక్కువున్న పక్కకే పిల్లవేర్లు వేస్తుంది, అంతవరకు నిజం. కానీ మధ్యలో నాలుగంగుళాల ఎండు పొర అడ్డం ఉంటే, దాని అవతల తడి ఉందని దానికి తెలిసే దారి లేదు, తెలిసినా పోలేదు. వేరు కొస ముందుకు కదలాలంటే అక్కడి కణాల్లో నీళ్లు నిండి ఉబ్బాలి, ఆ ఉబ్బుతోనే మట్టిని తోసుకుంటూ పోతుంది, సైకిల్ ట్యూబులో గాలి ఉన్నంతసేపే చక్రం గట్టిగా ఉన్నట్టు. మట్టి ఎండితే ఉబ్బు తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే మట్టి కూడా గట్టిపడుతుంది. తోసే బలం తగ్గి, తోయాల్సిన గోడ బలమైందన్నమాట. మట్టి గట్టిదనం కొలిచే కడ్డీ ఒకటి ఉంటుంది, దాంట్లో 2 మెగాపాస్కల్ దాటితే, అంటే చదరపు సెంటీమీటరుకు ఇరవై కిలోల ఒత్తిడి దాటితే, చాలా పైర్ల వేర్లు దాదాపు ఆగిపోతాయని లెక్క. తడి రేగడిలో వేలు దిగుతుంది, అదే రేగడి ఎండితే నీ గడ్డపారకే చెమట పట్టింది కదా.

ఇంకోటి, ఇది నాకు చదివినప్పుడు భలే అనిపించింది. కొర్ర ఏ అడవి గడ్డి నుంచి పుట్టిందో ఆ గడ్డి మీద చేసిన పని ఒకటి 2016లో అచ్చయింది. పైమట్టి ఎండితే ఆ గడ్డి కణుపు వేర్లను తనే ఆపేసుకుంటుందట, ఉన్న కాస్త నీళ్లు ఒక్కసారిగా తాగేయకుండా దాచుకోవడానికి. కణుపు దగ్గర తడి తగలగానే మళ్లీ మొదలుపెడుతుందట. కణుపు వేర్లు అసలు రాని మొక్కజొన్న రకం ఒకటి ఉంటే దాన్నీ బెట్టలో, అంటే నీళ్లు లేకుండా, పెట్టి చూశారు, అది మామూలు మొక్కజొన్న కంటే ఎక్కువ రోజులు నీళ్లు కాపాడుకుంది. కాబట్టి నీ జొన్న చేతకాక ఆగిందనుకోవద్దు, కొంతవరకు పొదుపు చేస్తోంది. పైన పొట్టిగా కనిపించడం కూడా అందుకే. బెట్టలో ముందు ఆకు పెరుగుదల ఆగుతుంది, కింది వేరు చివరిదాకా సాగుతూనే ఉంటుంది. ఆ దారంలాంటి వేరు ఈపాటికి నువ్వు ముద్ద చేసి చూసిన ఆ చల్లమట్టిలోకి దిగే ఉంటుంది, లేకపోతే 25 రోజులకు ఆకులు ఎండిపోయేవి. పొద్దున ఆకులు విచ్చుకుని ఉంటున్నాయా లేదా చూసి చెప్పు. మధ్యాహ్నం చుట్టుకున్నా ఫర్వాలేదు, పొద్దునకు విచ్చుకుంటే చేను బతికే ఉంది.

పనికొచ్చే మాట: ఒరిగిన మొక్కలను లేపొద్దు. లేపినప్పుడే ఆ ఒక్క వేరు తెగుతోంది, గాలికి కాదు. పడినవాటిని అట్లాగే వదిలేయి, కణుపు వేర్లు దిగితే వంకరగా అయినా నిలబడతాయి.


మెట్టచేను_పత్తికొండ:

తమ్ముడూ నువ్వు చెప్పినట్టే ఒక మొక్క గడ్డతో లేపి బకెట్లో నానబెట్టి కడిగినా. నిజమే, గింజ తొక్క కింద ఉంది, మొనలు పైన, మధ్యలో సన్న కాడ. మా నాయనకు చూపిస్తే ముందు ఒప్పుకోలేదు, తర్వాత కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూసినాడు. నలభై ఏండ్లుగా జొన్న వేస్తున్నా ఇది నాకు తెలియదే అన్నాడు. రేగడిలో పొద్దున ఆకులు విచ్చుకుంటున్నాయి. ఎర్రనేలలో మాత్రం కొన్ని పొద్దున కూడా చుట్టుకునే ఉన్నాయి. ఎర్రనేల వైపు పక్క చేను వాళ్ల బోరు ఉంది, ఒక తడికి ఒప్పుకుంటారు, రేగడికి ఆ నీళ్లు అందవు. ఏం చేయాలి?


ఎర్రనేల_కళ్యాణదుర్గం:

నంద్యాల తమ్ముడు బాగా చెప్పినాడు గానీ మా అనంతపురం వాళ్లకైతే ఇంత పొడుగు అక్కర్లేదు, వేరుశెనగ ఊడలు అంటే చాలు. పూత పూస్తుంది, ఊడ కిందికి వంగుతుంది, పైమట్టి గట్టిగా ఉంటే అంగుళం దూరంలో ఆగి ఎండిపోతుంది, కాయ పట్టదు. కింద ఎంత తడి ఉన్నా ఊడకు కావాల్సింది పై రెండంగుళాలు. జొన్న కణుపు వేరుకూ అదే గతి. వేరుశెనగకు కనీసం తల్లివేరు ఉంటుంది, బెట్టలో నెల రోజులు ఓర్చుకుంటుంది, జొన్నకు ఆ దన్ను లేదు.

నాకు జరిగింది చెప్తా. ఒక ఏడు సజ్జ వేసినా, ఎర్రనేలలోనే. ఇరవై రోజుల బెట్ట తర్వాత ఒక సాయంత్రం చిన్న జల్లు, 8 మి.మీ. పడింది. ఊరంతా సంతోషం. మూడో రోజు చూస్తే కణుపు వేర్లు తెల్లగా అర అంగుళం వచ్చినాయి. ఐదో రోజుకు పైమట్టి మళ్లీ బూడిద, ఆ తెల్ల కొసలు ఎండి నల్లబడినాయి. తర్వాతి వరస వేర్లు ఆ పై కణుపు నుంచి రావాలి, అది నేలకు ఇంకా పైన ఉంటుంది, ఇంకా ఎండుమట్టిలో. పదిహేను రోజుల తర్వాత పెద్ద వాన వచ్చింది గానీ సగం చేను అప్పటికే పడుకుంది. అందుకే చిన్న జల్లు పడిందని సంబరపడొద్దు, చిన్న తడి పెట్టి ఊరుకోవద్దు. తడిపితే నాలుగైదు రోజులు కణుపు చుట్టూ తడి ఆరకుండా తడపాలి, లేకపోతే మొక్క చేత దాచుకున్నది కూడా ఖర్చు పెట్టించినట్టవుతుంది.

మా జిల్లాకు ఏడాది మొత్తానికి సగటున 550 మి.మీ. చిల్లర వాన. అది కూడా ఏ రెండు మూడు వారాల్లోనో కుమ్మరించి పోతుంది, మిగతా రోజులు మబ్బులను చూస్తూ కూర్చోవడమే. కాబట్టి వానను లెక్కపెట్టుకుని సేద్యం చేయొద్దు తమ్ముడూ, ఉన్న బోరును పట్టుకో.


రేగడి_విద్యార్థి (నంద్యాల):

కళ్యాణదుర్గం అన్న చెప్పిన సజ్జ సంగతి వంద శాతం కరెక్ట్. ఊడల పోలిక నాకు తట్టలేదు, మా సార్‌కు చెప్తా.

పత్తికొండ అన్నా, ఎర్రనేలకు తడి పెట్టు. లెక్క ఇట్లా వేసుకో. ఎకరాకు అంగుళం నీళ్లు అంటే లక్ష లీటర్ల పైమాట. ఎర్ర ఇసుక నేలలో ఆ అంగుళం నీళ్లు జానెడు పైన, ఒక్కోసారి అడుగుదాకా తడుపుతాయి, పైన ఎండు పొరను కింద తడితో కలపడానికి అది చాలు. పక్కవాళ్లకు స్ప్రింక్లర్లు ఉంటే అడుగు, కాలువ పారిస్తే ముందు సాళ్లే తాగేసి చివరి సాళ్లకు అందదు. సాయంత్రం మొదలుపెట్టి రాత్రి పెట్టు. తర్వాత రెండో మూడో రోజున, మట్టి చేతికి అంటుకోని పదునులో, సాళ్ల మధ్య మట్టి కదిపే దంతె తోలి, సాలు మట్టిని మొక్క మొదట్లోకి ఎగదోయి. అన్న చెప్పినట్టు తర్వాతి కణుపులు పైన ఉంటాయి, వాటికి మట్టి అందాలి. తడిమట్టిని ఎగదోస్తేనే ఉపయోగం, ఎండు పెళ్లలు ఎగదోస్తే మొక్కకు రాళ్ల కుప్ప వేసినట్టే.

రేగడికి నీళ్లు లేవు కాబట్టి ఉన్న తడి పోకుండా చూసుకోవడమే. నేల పగిలి నెర్రెలు ఎంత వచ్చాయి? నెర్రె అంటే కింది తడికి కిటికీ తెరిచినట్టు, పైగా విచ్చుకునేటప్పుడు అడ్డం వచ్చిన సన్న వేర్లను తెంపేస్తుంది. పైమట్టి గీకే గుంటకను పైపైన, అంగుళం మించకుండా తోలి నెర్రెలు పూడ్చు.


ఎర్రనేల_కళ్యాణదుర్గం:

ఇక్కడ నేను ఒప్పుకోను. ఒక్క దారం మీద నిలబడిన పైరులో గుంటక తోలితే కదిలి ఉన్న వేరు కూడా పోతుంది. ఎద్దు కాలు తగిలినా చాలు.


రేగడి_విద్యార్థి (నంద్యాల):

అన్నా మీ ఎర్రనేలలో అయితే నిజమే, అక్కడ నెర్రెలు కూడా రావు కాబట్టి ఆ పనే అక్కర్లేదు. రేగడిలో సాళ్ల మధ్య, మొక్కకు నాలుగు వేళ్లు దూరం వదిలి తోలితే ఇబ్బంది లేదు. అంత భయమైతే మనుషులతో పారతో పూడ్చొచ్చు, కానీ మూడెకరాలకు కూలీలంటే జొన్న మొత్తం అమ్మినా రాదేమో.

ఇంకో పని ఉంది, వినడానికి కడుపు తరుక్కుపోతుంది. వాన ఇంకో వారం రాదనిపిస్తే రేగడిలో మూడు సాళ్లకు ఒక సాలు పీకెయ్యి. ఉన్న తడిని పంచుకునే నోళ్లు తగ్గుతాయి. చాలామందికి మనసొప్పదు, నాకు మా చేలో కూడా ఒప్పలేదు, మా అమ్మ పీకింది. యూరియా మాత్రం ఇప్పుడు నేలమీద వేయొద్దు. ఎరువంతా పైనున్న నాలుగంగుళాల్లోనే ఉంటుంది, అక్కడ వేరే లేదు, ఉన్నా ఎండుమట్టిలో ఎరువు కదలదు, ముఖ్యంగా భాస్వరం. ఆకులు పాలిపోయి ఎర్రబారినట్టు కనిపిస్తే భయపడి బస్తాలు కొనొద్దు, అది ఎరువు లేక కాదు, ఎరువు దగ్గరికి వేరు పోలేక. మరీ పాలిపోతే లీటరు నీళ్లకు 20 గ్రాముల యూరియా కలిపి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆకుల మీద పిచికారీ చేయి, అంతే.


గొర్రుసాలు:

పురుగు అని తొందరపడినా, తప్పు నాదే. అయితే ఒక అడుగుడు. కింది తడి కోసం లోతుగా విత్తాలి, కణుపేమో పైకే వస్తుంది, మరి మెట్టలో దీనికి విరుగుడే లేదా? ప్రతి ఏడూ ఇదే పాటేనా?


రేగడి_విద్యార్థి (నంద్యాల):

ఉంది అన్నా, కొంతవరకు. గింజ మీద మట్టి ఎంత ఉందనేదాన్ని బట్టి కణుపు కూర్చుంటుంది. కాబట్టి సాలును లోతుగా తెరిచి, గింజ మీద రెండంగుళాల మట్టి మాత్రమే పడేటట్టు వదిలి, పైన సాలును గాడిలాగా తెరిచే ఉంచితే కణుపు గాడి అడుగున, చల్లమట్టిలో కూర్చుంటుంది. పైరు లేచాక గుంటకతో ఆ గాడిని పూడిస్తే తర్వాతి కణుపులకు కూడా మట్టి అందుతుంది. చిక్కల్లా, విత్తిన వారంలో గట్టివాన పడితే గాడిలోకి మట్టి కొట్టుకొచ్చి మొలకలు పూడిపోతాయి. మన దగ్గర సెప్టెంబర్ వానలు ఎట్లా పడతాయో తెలుసు కదా, అందుకే నేను అందరికీ చెప్పను, ఒక అరెకరంలో వేసి చూడమంటా.

రకాల సంగతి అడుగుతారేమో, అదీ చెప్తా. వేరు లోతుగా పోవడానికి అది బయల్దేరే కోణం ముఖ్యం, అడ్డంగా పోయేదా నిలువుగా దిగేదా అని. వరిలో వేరును నిలువుగా దించే జన్యువు ఒకటి 2013లో పట్టుకున్నారు, మామూలు రకంలోకి దాన్ని దించితే బెట్టలో దిగుబడి నిలబడింది. కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్) కింద వరి వేసేవాళ్లకు అది ఎప్పుడు అక్కరొస్తుందో గానీ మనకు ఇప్పటికి ఉన్నది రబీ జొన్న రకాలే. మహారాష్ట్ర నుంచి వచ్చిన మాల్దండి ఎం 35-1 దశాబ్దాలుగా నిలబడిందంటే రేగడిలో కింది తడి మీదే పంట తీసే గుణం దానికి ఉంది కాబట్టే. అయినా ఏ రకమైనా కణుపు అంగుళం లోతులోనే, ఆ మొదటి వరస వేర్లకు పైమట్టి తడి కావాల్సిందే.


జమ్మలమడుగు_చేనక్క:

మీరంతా వేర్ల గురించి మాట్లాడుతున్నారు, ఎవరూ పశువుల మాట ఎత్తలేదు. పత్తికొండ తమ్ముడూ, సాళ్లు పీకితే ఆ జొన్న మొక్కలు ఏం చేస్తావు? ఎద్దులకు వేయొద్దు! బెట్టకు గిడసబారిన లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది. మాకు రెండేండ్ల కిందట పక్కింటి పాడి గేదె ఇట్లాంటి చేలో పది నిమిషాలు మేసింది, నురగ కక్కుకుంటూ రొప్పుతూ అక్కడే పడింది, డాక్టర్ వచ్చేలోపే అయిపోయింది. లేత జొన్నలో మామూలుగానే ఆ విషం కొంత ఉంటుంది, ఎండకు బాధపడిన పైరులో ఎక్కువవుతుంది. వాన పడ్డాక కొత్తగా చిగురు వేసినప్పుడు కూడా ప్రమాదమే, పచ్చగా ఉంది కదా అని తోలుకుపోతారు. పూత దాటిన జొన్న అయితే భయం తక్కువ. పీకినవాటిని బాగా ఎండబెట్టి, అప్పుడు కూడా వేరే చొప్పలో కలిపి కొంచెం కొంచెం వేయి. ఎప్పుడైనా పశువు రొప్పితే ఆకుపసరులు తాపుతూ కూర్చోకుండా వెంటనే పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయి, దానికి సూది మందు ఉంది, టైముకు పడితే బతుకుతుంది.


మెట్టచేను_పత్తికొండ:

అక్కా నువ్వు చెప్పకపోతే పొద్దున్నే ఎద్దులకు వేసేవాణ్ని. నిజంగా వేసేవాణ్ని. లేపబోతే చేతికొచ్చిన మొక్కలే రెండు మోపులు కొట్టంలో పెట్టి ఉన్నాయి, ఇప్పుడే పోయి గట్టుమీద పరిచి వచ్చినా.


మెట్టచేను_పత్తికొండ (అక్టోబర్ 31):

ఏమైందో చెప్పకుండా పోతే బాగుండదని రాస్తున్నా.

ఎర్రనేలకు 20వ తేదీ రాత్రి స్ప్రింక్లర్లతో తడి పెట్టినాం, 23న దంతె తోలి మట్టి ఎగదోసినాం. ఆరో రోజు మొక్క తవ్వితే తెల్లగా, అగ్గిపుల్ల లావున వేర్లు, ఒక్కో మొక్కకు ఐదారు, వేలెడు పొడుగు. కొస ఎండిన పాత మొనలు మాత్రం లేవలేదు, వాటి పక్కనుంచీ పై వరస నుంచీ కొత్తవి వచ్చినాయి. ఇప్పుడు పట్టుకుని లాగితే మొక్క రాదు, చెయ్యే జారుతుంది. నాకు అదొక్కటి చాలు, రోజూ పోయి రెండు మొక్కలు లాగి చూసి వస్తున్నా, మా ఇంట్లో పిచ్చి పట్టిందంటున్నారు.

రేగడిలో నాయన గుంటకకు ఒప్పుకోలేదు, కళ్యాణదుర్గం అన్న మాటే ఆయనదీ. చివరికి ఒక ఎకరం గుంటక తోలి, రెండెకరాలు వదిలేసినాం. సాళ్లు పీకడానికి మనసు రాక రెండు రోజులు వాయిదా వేస్తే స్వాతి మొదట్లోనే, 25 రాత్రి, 26 రాత్రి వాన పడింది, మండలం లెక్క 32 మి.మీ. అంటున్నారు. నెర్రెలు ముందు తాగినాయి, తర్వాత పైన తడిసింది. గుంటక తోలిన ఎకరంలో వేర్లు తొందరగా వచ్చినట్టే ఉంది గానీ పెద్ద తేడా అని చెప్పలేను, అబద్ధం ఎందుకు. ముందే పడిపోయి నేను లేపిన సాళ్లలో మాత్రం మొక్కకు మొక్క పోయింది. నాలుగైదు సాళ్లు పూర్తిగా బోడి. పడినవాటిని లేపకుండా వదిలినవి అడ్డంగా పడుకునే కొస పైకి తిప్పుకున్నాయి.

నల్లపొడి కొనలేదు. అంగడాయన నిన్న కనబడి, వేసినావా, చూడు ఎట్లా లేచిందో అన్నాడు.

ఇంక ఒక్క ప్రశ్న. ఇప్పుడు యూరియా వేయొచ్చా?


రేగడి_విద్యార్థి (నంద్యాల):

ఇప్పుడే వేయాలి అన్నా, మట్టి తడి ఆరకముందే, సాలు పక్కన నాలుగు వేళ్ల దూరంలో, పైన చల్లకుండా మట్టిలో పడేటట్టు. రేగడిలో రేపు ఎల్లుండి లోపల. మోపులు ఎండాయా?


మెట్టచేను_పత్తికొండ:

ఎండినాయి. అయినా ఎద్దులకు వేయడానికి నాయన ఒప్పుకోవడం లేదు, పొయ్యిలోకి పెడదామంటున్నాడు.


జమ్మలమడుగు_చేనక్క:

పెద్దాయన మాట విను.